డీయూ సూత్రము: టీకా తాత్పర్య విశేష సహితము

మూలము:
డీయూ –ఎస్‌హెచ్ * | సార్ట్ –హెచ్

అవతారిక: సర్వరు డిస్కు నూటికి నూరు శాతం నిండింది. డేటాబేసు రాయడం మానేసింది. ఏది ముట్టుకున్నా ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అంటోంది. రాత్రి రెండు గంటలకు ఆన్‌కాల్‌లో ఉన్న ఉద్యోగి నల్లతెర ముందు కూర్చుని ‘ఇంత జాగా ఎవడు తిన్నాడురా’ అన్నప్పుడు ఈ సూత్రం అవతరిస్తుంది. ఇందులో రసం రౌద్రమని కొందరు. ప్రశ్న వరకు అది నిజమే. తిన్నది ప్రశ్నించినవాడి పాత బ్యాకప్పుల ఫోల్డరే అని తేలుతుంది గనుక చివరికి మిగిలేది హాస్యమని మా మతం.

ప్రతిపదార్థము: డీయూ = డిస్కు వాడకపు లెక్క చెప్పుదానా!; –ఎస్ = లోపలి ఫోల్డర్లన్నిటినీ ఏకరువు పెట్టక మొత్తము మాత్రమే; –హెచ్ = కె, ఎం, జి అను తోకలతో మానవమాత్రులకు తెలియునట్లుగా; * = ఇచ్చట కనబడు సమస్తమునకును (చెప్పి); | = ఆ ఫలితమును తెరపై పడనీయక; సార్ట్ = వరుస పెట్టుదాని చేతికి (అందింపుము); –హెచ్ = అదియు ఆ తోకల తారతమ్యము నెరిగినదై (చిన్నవి ముందు, పెద్దవి వెనుక నిలుపుగాక అని శేషము).

తాత్పర్యము: ఇక్కడున్న ప్రతిదీ ఎంత జాగా ఆక్రమించిందో చెప్పు. అన్నిటికన్నా పెద్దదాన్ని చివర, కర్సరుకు పైనే నిలబెట్టు. పైకి స్క్రోలు చేసే ఓపిక నాకు లేదు.

కర్తృ నిర్ణయము: సూత్రమంతా ఒకరి రచనే అనేవారు పొరబడుతున్నారు. డీయూ, దాని తోబుట్టువు డీఎఫ్, బెల్ ల్యాబ్స్ వారు 1971 నవంబరు 3 తేదీ వేసి వెలువరించిన తొలి యూనిక్స్ మాన్యువల్‌లోనే ఉన్నాయి. నడుమనున్న నిలువు గీత, అనగా పైపు, డగ్లస్ మెక్‌ల్‌రాయ్ పట్టుబట్టగా 1973లో వచ్చింది. సార్ట్‌కు ‘హెచ్’ తగిలించింది గ్నూ వారు, 2009లో. అంతకు ముందు తోకలున్న అంకెలను సార్ట్‌కు ఇస్తే అది తోక చూసేది కాదు. 2 జి తరువాత గాని 900 కె రాదు, రెండు కంటే తొమ్మిదివందలు పెద్దది గనుక! కాబట్టి ఒక్క పంక్తిలో 38 ఏళ్ల దూరం ఉంది. ప్రక్షిప్తమని తీసేద్దామా అంటే, ఆ భాగమే అందరికీ పనికొస్తోంది.

నక్షత్ర విచారము: ‘సమస్తమునకును’ అని టీక రాశాం గాని అది కొంత అతిశయోక్తి. చుక్కతో మొదలయ్యే పేర్లు నక్షత్రానికి కనబడవు. హోం ఫోల్డరులో బ్రౌజర్లూ, ప్యాకేజీ మేనేజర్లూ దాచుకునే క్యాషేలు చాలావరకు అలాంటి పేర్ల కిందే ఉంటాయి. అసలు దొంగ అక్కడుంటే, ఈ సూత్రం ఎన్నిసార్లు జపించినా దొరకడు. అందుకే ‘డీయూ –హెచ్ –డి1’ అనే పాఠాంతరాన్ని మేము ఆదరిస్తాం.

శంక: డీఎఫ్‌ను అడిగితే డిస్కు నిండిందంటోంది. రూటు నుంచి డీయూతో లెక్కిస్తే సగం కూడా లేదు. రెంటిలో ఏది అబద్ధం?

సమాధానము: ఏదీ కాదు. డీయూ ఫోల్డరు ఫోల్డరుకూ తిరిగి, పేరున్న ప్రతి ఫైలునూ పలకరించి కూడుతుంది. డీఎఫ్ ఎక్కడికీ పోదు. ఎన్ని బ్లాకులు ఇచ్చేశావని ఫైల్ సిస్టమ్‌నే అడుగుతుంది. ఫైలును ‘ఆర్‌ఎం’ చేస్తే పోయేది పేరు మాత్రమే. ఏదైనా ప్రాసెస్ దాన్ని తెరిచి పట్టుకుని ఉంటే బ్లాకులు అలాగే ఉంటాయి, పైగా లాగ్ ఫైలైతే ఇంకా పెరుగుతూనే ఉంటుంది. జ్ఞానం కలిగినా ప్రారబ్ధం తీరేదాకా దేహం నిలిచే ఉంటుందని వేదాంతులు చెప్పేది ఇలాంటి స్థితినే. పేరు లేదు గనుక డీయూకు అది లేనట్టే. జాగా ఇచ్చింది గనుక డీఎఫ్‌కు ఉన్నట్టే. ‘ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1’ అంటే ఇలా పేరు పోగొట్టుకుని బతుకుతున్నవి బయటపడతాయి. పట్టుకున్న ప్రాసెస్‌ను రీస్టార్ట్ చేస్తే జాగా తిరిగొస్తుంది. నడుస్తున్న లాగ్‌ను చెరిపెయ్యక, పేరుంచి లోపలిది ఖాళీ చేస్తే ఈ చిక్కే రాదు.

మూలంలో లేని డీఎఫ్‌ను టీకలోకి ఎలా తెచ్చారని మల్లినాథసూరి శిష్యులు ఆక్షేపించవచ్చు. మూలంలో లేనిది రాయనన్న ఆయన నియమం కావ్యాలకు చెల్లింది. సర్వరు దగ్గర చెల్లదు.

డిస్కు చిక్కులకు మరికొన్ని కారణాలు క్లుప్తంగా. ఈఎక్స్‌టీ4 మామూలుగా నూటికి 5 వంతులు రూటు యూజరుకు అట్టేపెడుతుంది. మిగతావారికి డిస్కు ముందే నిండుతుంది. నిండిన ఫోల్డరు మీద ఇంకో డిస్కు మౌంట్ చేస్తే కిందివి డీయూకు అందవు. జాగా ఉన్నా కొత్త ఫైలు పుట్టడం లేదంటే ఐనోడ్లు అయిపోయాయేమో, ‘డీఎఫ్ –ఐ’ చూడాలి. చిన్న చిన్న సెషన్ ఫైళ్లు లక్షల్లో పోగుపడ్డ చోట జరిగేదిదే. వెయ్యి గిగాలని కొన్న డిస్కు 931 దగ్గరే ఆగితే కొట్టువాడిని తిట్టవద్దు: అతడు వెయ్యితో లెక్కించాడు, ‘హెచ్’ 1024తో భాగించింది.

ఫలశ్రుతి: స్తోత్రాలకు ఉన్నట్టు దీనికి లేదు. 1979 నాటి ఏడవ ఎడిషన్ మాన్యువల్‌లో డీయూ పుట చివర ఆ స్థానంలో ‘బగ్స్’ అనే శీర్షిక ఉంది. లింకులున్న ఫైళ్లు మరీ ఎక్కువైతే కొన్నిటిని మళ్లీ మళ్లీ కూడుతుందని అక్కడ ఒప్పుకున్నారు. నడుమ రంధ్రాలున్న ఫైళ్ల విషయంలో ఇప్పటి గ్నూ డీయూ ఆ రంధ్రాలను వదిలేసి నిజంగా ఇచ్చిన బ్లాకులనే లెక్కిస్తుంది. పైకి కనబడే సైజే కావాలంటే ‘అపరెంట్ సైజ్’ అని విడిగా అడగాలి.