థార్‌కు తలంటు

ముదినేపల్లి చేలల్లో దమ్ము చేసిన ట్రాక్టరు సాయంత్రానికి బురదముద్దయినా దాని ఫొటో ఎవరూ తీయరు. అదే నల్లరేగడి థార్ జీపుకు అంటితే సాహసం! నాలుగు చక్రాలకూ పవరుందని చేలోకి దిగిన బాబుగారు, చివరికి ఆ ట్రాక్టరుకే తాడు కట్టించుకుని గట్టెక్కుతారు.

అసలు పరీక్ష కడిగేటప్పుడే. పైన నురగ, అద్దాలకు తళుకు, ఇంకో ఫొటో. అడుగున రేగడి మాత్రం ఎండి రాయై, రిమ్ముల లోపల, బ్రేకుల దగ్గర, రేడియేటర్ రెక్కల సందుల్లో కాపురం పెడుతుంది. ప్రెషర్ పైపు మరీ దగ్గర పెడితే ఆ రెక్కలు వంగిపోతాయి. వదిలేస్తే ఇంజను వేడెక్కుతుంది.

ఇదంతా ఎందుకని కొందరు బండిని తిన్నగా పంటకాలువలోకే దింపుతారు. డెల్టా ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపేది ఆ కాలువలే మరి. గ్రీజు కలిసిన తీర్థంలో బాబుగారి కుళాయికీ వాటా ఉంది.