ఒక ట్రాప్ కెమెరా ఆత్మకథ

ఈ డబ్బాకు ‘నేను’ అనుకునే అలవాటు లేదు. అడవిలో దాని పేరు ఒక నంబరు, అంతే. అందుకే తన కథనైనా పక్కింటివాళ్ల కథలాగే చెప్పుకుంటుంది.

పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ప్లాస్టిక్ పెట్టె, ఓ లెన్సు, ఒంటివేడిని పసిగట్టే సెన్సరు, ఎనిమిది బ్యాటరీలు. వెచ్చటి ఒళ్లున్న ప్రాణి ఏది తన ముందు కదిలినా ఫొటో తీస్తుంది. నల్లమలలో ఓ బాట పక్కన చెట్టుకు మోకాలెత్తున కట్టారు. చెట్టు చూపించింది ఒక చెంచు పెద్దాయన. తవ్విపోసిన చెదపుట్టనూ, తునికి గింజలున్న పెంటనూ చూసి, ‘ఇది గుడ్డెలుగు తిరిగే తోవ’ అన్నాడు. వెంట వచ్చినవాళ్లకు కావలసింది పులి. బాట ఎవరిదైతేనేం, పులీ నడుస్తుందిలే అని అక్కడే బిగించారు.

ఎలుగుబంటి పిల్లలు చలికాలంలో ఏ గుహలోనో పుడతాయి. సాధారణంగా ఒకటో రెండో. రెండు మూడు నెలలు బయటి లోకం ఎరగవు. గుహ దాటాక తల్లి వీపెక్కి కూర్చుంటాయి, ఇక కొన్ని నెలలు ఆ స్వారీయే. చెట్టెక్కి తప్పించుకుందామంటే చిరుత కూడా ఎక్కగలదు కదా! పొడవాటి జూలున్న అమ్మ వీపే భద్రమని నిపుణులంటారు. తల్లికేమో రాత్రంతా పుట్టల పని. పైదవడ ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి మట్టిని ఊది, చెదల్ని పీలుస్తుంది. ముక్కురంధ్రాలు మూసుకోగలదు కాబట్టి దుమ్ము లోపలికి పోదు. ఆ పీల్చే చప్పుడు వంద మీటర్ల అవతలికీ వినిపిస్తుంది.

వేసవి మొదట్లో ఒక రాత్రి అలాంటి తల్లి ఫొటో ఒకటి పడింది. చీకట్లో నల్లటి జంతువు, ఇక ఏం కనిపిస్తుంది? తెల్లటి మూతి, రెండు కళ్లు. వీపు మీది జూలులో ఇంకో నాలుగు కళ్లు.

పిల్లలతో ఉన్న తల్లి ఎలుగు దగ్గరికి మనిషి కెమెరా పట్టుకుని వెళ్లడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. హంపి దగ్గర దరోజీలో, 1994లో ఏర్పడిన ఎలుగుబంట్ల అభయారణ్యంలో, ఫొటోగ్రాఫర్లు దూరంగా వాచ్‌టవర్ ఎక్కి పెద్ద పెద్ద లెన్సులు పెడతారు. అక్కడ బండలకు బెల్లం లాంటి తీపి పూస్తారు, ఎలుగులు నాకడానికి వస్తాయి. ఈ డబ్బాకు ఆ లెన్సులంటే అసూయ లేకపోలేదు. కానీ తన ఫొటోలో బెల్లం లేదని మాత్రం గట్టిగా చెబుతుంది.

ఆ తల్లి వెళ్తూ వెళ్తూ డబ్బాను వాసన చూసి ఓ మూల కొరికింది. రెండు గాట్లు పడ్డాయి. డబ్బా దృష్టిలో అవి పతకాలు.

ఆఫీసులో మెమరీ కార్డు తెరిచినవాళ్లు పులి కోసం వెతికారు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు, వాటిని బట్టి లెక్కిస్తారు. నల్లటి ఎలుగుకు చారలెక్కడివి? ఫొటో ‘ఇతరాలు’ ఫోల్డర్లోకి పోయింది. ఇది ఒక్క డబ్బా గోడే కాదు. 2018 దేశవ్యాప్త పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3,48,58,623 ఫొటోలు వచ్చాయి, గిన్నిస్ రికార్డు కూడా దక్కింది. అందులో పులులవి 76,651, చిరుతలవి 51,777. మూడు కోట్లకు పైబడిన మిగతా ఫొటోల్లోనే జింకలూ, పందులూ, ఎలుగులూ.

సీజన్ అయ్యాక గోనెసంచిలో వేసి స్టోర్‌రూమ్‌లో పడేశారు. ఏ ఆఫీసో చెప్పడం దానికి ఇష్టం లేదు. బ్యాటరీలు తీయాలని ఎవరికీ తోచలేదు. వానాకాలం వచ్చింది. బ్యాటరీలు కారాయి, స్ప్రింగులకు చిలుం పట్టింది, మూత సందులోంచి చీమలు దూరి కాపురం పెట్టాయి. వాటిని చూస్తే ఆ తల్లి పండగ చేసుకునేది. మళ్లీ కెమెరాలు కావలసి వచ్చినప్పుడు సంచి విప్పారు. ఒకాయన మీట నొక్కి చూశాడు, కదలిక లేదు. మూల మీది గాట్లు కనిపించాయి. రిజిస్టర్లో ‘జంతువు కొరికినందున పనికిరాదు’ అని రాసి సంతకం చేశాడు.

కొరికిన తర్వాత కూడా ఆ సీజనంతా ఈ డబ్బా పనిచేసింది. ఎనిమిది బ్యాటరీల ఊసు రిజిస్టర్లో ఎక్కడా లేదు.