సిద్ధాంతానికి తక్కువపడ్డ జనం

చరిత్ర ఎటు పోతుందో ముందే తెలిసిన మహానుభావులకు జనాభా లెక్కలెందుకు? ఈ చిన్న సంగతి తెలియకే సోవియట్ గణాంకాధికారులు ప్రాణాల మీదికి తెచ్చుకున్నారు.

1934 పార్టీ మహాసభలో స్టాలిన్ గారు దేశ జనాభా 16.8 కోట్లని సెలవిచ్చారు. సోషలిజంలో బతుకు బాగుపడుతుంది, బతుకు బాగుపడితే జనం పెరుగుతారు. సూత్రం అంతే. తీరా 1937 జనవరిలో లెక్కపెడితే తేలింది 16.2 కోట్లే! 1932-33 కరువు పొట్టన పెట్టుకున్న అరకోటికి పైగా జనం, ఆ సూత్రాన్ని గౌరవించి లేచొచ్చి పేర్లు రాయించుకోలేదు మరి. బతికున్నవాళ్లయినా బుద్ధిగా ఉన్నారా? దేవుణ్ణి నమ్ముతారా అంటే, జవాబిచ్చిన పెద్దవాళ్లలో సగానికి పైగా నమ్ముతామన్నారు.

మామూలు బుర్రకైతే సిద్ధాంతంలోనే ఏదో తేడా ఉందని తోస్తుంది. అది బూర్జువా బుర్ర. విప్లవ బుర్ర వేరేగా తేల్చింది: సిద్ధాంతం ఒప్పు, లెక్క తప్పు, లెక్కపెట్టినవాళ్లు ప్రజాద్రోహులు. అదే ఏడాది లెక్కలు రద్దయ్యాయి. గణాంక శాఖ అధిపతి క్రావాల్‌నీ, జనగణన విభాగం పెద్ద క్విట్కిన్‌నీ కాల్చి చంపారు. జనం తలలు నిజాయితీగా లెక్కపెట్టినందుకు వాళ్ల తలలే పోయాయి. 1939లో మళ్లీ లెక్కించారు. ఈసారి సుబ్బరంగా 17 కోట్లు! దేవుడి ప్రశ్న మాత్రం లేదు.

సమాజ చరిత్ర కూడా జీవశాస్త్రమంత కచ్చితమైన శాస్త్రం కాగలదని 1938లో స్టాలిన్ గారే రాశారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. జన్యుశాస్త్రవేత్త వవిలోవ్ 1943లో సరాతోవ్ జైల్లో ప్రాణం వదిలాడు. 1948లో జన్యుశాస్త్రాన్నే వెలివేసి, జీవశాస్త్రాన్ని పార్టీ చరిత్ర స్థాయికి దించారు. రెండూ సమానమయ్యాయి!

రేపు మనిషి కొత్తగా ఏం తెలుసుకుంటాడో ఇవాళే చెప్పలేం గనక చరిత్రకు జాతకం రాయలేమని తత్వవేత్త కార్ల్ పాపర్ వాదించాడు. పాపం, పాలకుల తెలివి ఆయనకు అందలేదు. రేపు తెలియబోయేదాన్ని తెలియనివ్వకుండా ఆపేస్తే జాతకం తప్పదు కదా!

కాబట్టి, చరిత్ర నాకు ముందే తెలుసనే నాయకుడు ఎదురైతే సిద్ధాంత చర్చకు దిగకండి. నీ ఏలుబడిలో ఎంతమంది చచ్చారు నాయనా అని అడగండి. అతను లెక్క తెప్పిస్తాడా, లెక్క రాసేవాణ్ణి మార్పిస్తాడా చూడండి. అతని జ్ఞానసిద్ధాంతమంతా అందులోనే ఉంటుంది.