మైపాడు రోడ్డులో డేటాసెంటర్

ఇంటి కంప్యూటర్‌కి మామూలు విండోస్ చాలదు, సర్వర్ విండోస్ వేస్తేనే ఫైళ్లు పదిలం అని చెప్పే మేధావులు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరుంటారు. అల్లూరులోనో, ఇందుకూరుపేటలోనో ఓ ఇంట్లో ఆ పెట్టెలో దాచేదేమిటయ్యా అంటే పాసుపుస్తకం స్కాను, రొయ్యల గుంట లీజు కాగితం, ఆధార్ కార్డులు, అమ్మాయి పెళ్లి ఫొటోలు. వీటి కాపలాకి వెయ్యి డాలర్ల పైచిలుకు ధర పలికే విండోస్ సర్వర్! అంత సొమ్ము ఎవరు పెడతారు గనక? క్రాక్ దించుతారు. అది నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. సరేనని ఆపేస్తారు. దొంగల భయంతో తాళం తెచ్చి, బిగించే పని దొంగకే అప్పగించినట్టు.

పోనీ, డబ్బిచ్చే కొన్నారనుకుందాం. విండోస్ సర్వర్ 2025కీ, విండోస్ 11లోని 24హెచ్2కీ బిల్డ్ నంబరు ఒకటే: 26100. ఉబుంటు లినక్స్‌లోనూ 12.04 వెర్షన్ నుంచి డెస్క్‌టాప్‌కీ సర్వర్‌కీ కెర్నల్ ఒకటే. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకరైతే సర్వర్‌లో మొదట ఉండనే ఉండదు, విడిగా చేర్చుకోవాలి. అయినా కాపలాకి ఇదే కావాలట! సర్వర్‌లో అనవసరపు సరంజామా తక్కువ, కాబట్టి కన్నాలూ తక్కువే అంటారు. బొమ్మల తెర లేని సర్వర్ కోర్‌ని ఓ మూల పెట్టి ముట్టుకోకుండా ఉంటే అది నిజమే. కానీ అందులోనే బ్రౌజర్ వేసి, సినిమా దించి, వాట్సాప్ తెరిచాక పూడిన కన్నాలు మళ్లీ తెరుచుకోవూ? పైగా నలుగురికీ ఫైళ్లు అందించడమే సర్వర్ ఉద్యోగం. 2017 మేలో వాన్నాక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లనీ, తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లనీ పట్టుకుంది. విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపమే దానికి దారి. విరుగుడు ప్యాచ్ మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లు మునిగారు. కాలం చెల్లిన సర్వర్ 2003కి సైతం హడావుడిగా ప్యాచ్ పంపాల్సొచ్చింది, పేరులో సర్వర్ ఉంది కదా అని వైరస్ మొహమాటపడలేదు మరి.

అసలు పోగొట్టుకునే దారి ఇంకా మోటుది. 2022 ఏప్రిల్లో నెల్లూరు కోర్టులోనే దొంగలు పడి ఓ కేసు సాక్ష్యాల సంచి ఎత్తుకెళ్లారు. సంచి బయట దొరికింది, అందులోని ల్యాప్‌టాప్, ఫోన్లు లేవు. విచారణ సీబీఐ దాకా వెళ్లింది. కోర్టుకే దిక్కు లేనప్పుడు మన హాల్లో టీవీ పక్కన పెట్టెకి ఏం దిక్కు? డిస్కు ఊడదీసి ఇంకో మెషిన్‌కి తగిలిస్తే మీరు పెట్టిన యూజర్ పర్మిషన్లను అది ఖాతరు చేయదు, అవి సర్వర్‌లో పెట్టినవైనా సరే. డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటేనే దొంగకి ఇనుము తప్ప ఏమీ మిగలదు. ఇక దొంగలు రాకపోయినా పెన్న వస్తుంది. 2021 నవంబర్లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్టనే కోసుకుపోయిన నీటికి మీ ఎడిషన్‌తో పనేముంది? ఒక కాపీ ఒంగోలులో మేనమామ బీరువాలో ఉంటే అదే వెయ్యి డాలర్ల పని.

నేర్చుకోవడానికి వేసుకుంటామంటే భేషుగ్గా వేసుకోండి, ఉద్యోగానికి పనికొస్తుంది. భద్రత కోసమైతే మాత్రం ఇంట్లో ఎవరి అకౌంట్ వారికి పెట్టి, అడ్మిన్‌ని పక్కన పెట్టి, అప్‌డేట్ అడిగినప్పుడు "తర్వాత" నొక్కకుండా ఉంటే ఉన్న డెస్క్‌టాప్ విండోసే చాలు. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కుని తెరిచే రికవరీ కీని అదే కంప్యూటర్‌లో "ముఖ్యమైనది" అనే నోట్‌ప్యాడ్ ఫైల్లో దాచే మహానుభావుల కోసం మైక్రోసాఫ్ట్ ఇంకా ఏ ఎడిషనూ తయారు చేయలేదు.