నేను, ఎల్ బోర్డుని

గుంటూరులో నంబర్ ప్లేట్లు రాసి, రేడియం స్టిక్కర్లు కోసే ఓ ఇరుకు కొట్టులో పుట్టాను. తెల్ల షీటు మీద ఎర్ర అక్షరం. నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి అంతకంటే ఏమీ లేదు, ఒక్క అవమానం తప్ప. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం నేను కనీసం 18 సెంటీమీటర్ల చదరం ఉండాలి. నా మీది అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తు, అడుగున 9 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. నేనేమో అరచేతిలో ఇమిడిపోతాను. "పెద్దదైతే బండి అందం పోతుంది, చిన్నది ఇవ్వు" అన్నాడు కొనడానికొచ్చిన పెద్దమనిషి. కనపడటం కోసమే పుట్టినదాన్ని కనపడకుండా కొనుక్కెళ్లాడు.

నాకో జత ఉండేది. దాన్ని స్కూటర్ ముందు అంటించారు. నన్ను వెనక, అది కూడా ఏకంగా నంబర్ ప్లేటు మీద అంటించబోయాడాయన. కూతురు ఆపింది. "నాన్నా, నంబరు కప్పేస్తే చలానా రాస్తారు." అలా ప్లేటు పక్కన ఓ మూల చోటు దొరికింది. జతగాడికి ఎదురొచ్చే లోకం తెలుసు. నాకు తరుముకొచ్చే లోకం తెలుసు.

నేర్చుకునేది ఆ ఇంటి ఇల్లాలు. నలభై దాటాక ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుంది. నేర్పేది లైసెన్సున్న కూతురు. ఎల్‌ఎల్‌ఆర్ మీద బండి నడిపేవాళ్లు వెనక ఇంకెవరినీ ఎక్కించుకోకూడదు, లైసెన్సుండి నేర్పే మనిషిని తప్ప. పక్కింటి పిన్నిగారు "మార్కెట్ దాకా దింపవే" అని అడిగినప్పుడల్లా ఆవిడ నన్ను చూపించి తప్పించుకునేది. ఆ మాత్రం గౌరవం దక్కింది నాకు.

తెల్లవారుజామున స్కూలు గ్రౌండులో నేర్చుకునేవాళ్లు. "కుడిచేతిది ముందు బ్రేకు, ఎడమచేతిది వెనక బ్రేకు. రెండూ కలిపి మెల్లగా నొక్కమ్మా. ఇసుక మీద ముందుదొక్కటే బిగించావో, చక్రం జారిపోతుంది."

"ఆగవే, ఆగు! దూకుతోంది బండి!"

"బ్రేకు పట్టేటప్పుడు ఎక్సలేటర్ వదిలెయ్యాలి కదా."

కొత్తగా నేర్చుకునే ఎవరి జబ్బయినా ఇదే. భయమేస్తే కుడిచెయ్యి బిగుసుకుంటుంది, ఆ బిగువుకి ఎక్సలేటర్ తిరిగిపోతుంది. ఆగాల్సిన చోటే బండి దూకుతుంది. రెండో జబ్బు, ముందు చక్రం కేసి చూడటం. "చక్రం ఎక్కడికీ పోదు, నువ్వు ఎటెళ్లాలో అటు చూడు" అని కూతురు గొంతు పోయేలా అరిచేది. చున్నీ రెండు కొసలూ నడుముకి ముడేస్తేగానీ స్టార్ట్ చేయనిచ్చేది కాదు. వెనక చక్రం సగాన్నయినా కప్పేలా గార్డు ఉండాలని నిబంధన ఉంది, బండికి గార్డూ ఉంది. అయినా మిగతా సగం చాలు కదా చున్నీని లాక్కోవడానికి.

తర్వాత రోడ్డెక్కాం. బ్రాడీపేట లైన్లలో నా వెనక మోగిన హారన్లన్నీ నేనే భరించాను. నన్ను చూసి నవ్వినవాళ్లున్నారు, కావాలని రాసుకుంటూ వెళ్లిన కుర్రాళ్లున్నారు. ఒక ఆటో అతను మాత్రం నన్ను చూశాడు, స్పీడు తగ్గించాడు, ఆవిడ మలుపు తిరిగేదాకా వెనకే ఆగాడు. నా ఉద్యోగం అదీ. ఆ పూట చేశాను.

నా చెడంతా ఆ ఇంటి కొడుకుతో వచ్చింది. ఇంటర్ చదివే పదహారేళ్లవాడు. ఆ వయసుకి చట్టం ఒప్పుకునేది 50 సీసీ దాటని గేర్లులేని బండినే, అదీ పెద్దల అనుమతితో తీసుకున్న లైసెన్సుతో. మా బండి 110 సీసీ. మైనరు పట్టుబడితే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడేది తండ్రికో, బండి ఓనరుకో. రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. 2019 సవరణతో వచ్చిన మాటలివి. ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, "ట్యూషన్ దాకేగా" అన్నారు. వాడికి జైలు భయం లేదు. ఫ్రెండ్స్ నన్ను చూసి నవ్వుతారన్న భయమే ఉంది. గోటితో గీకి, ఊడబీకి, సీటు ఎత్తి డిక్కీలో లోపలివైపు అంటించేశాడు. జతగాడు అప్పటికే వానకి ఊడిపోయాడు.

డిక్కీలో బతుకు ఎలా ఉంటుందో చెప్పనా? చీకటి, ఇంజను సెగ, తడి రెయిన్‌కోటు వాసన. కాలం చెల్లిన పొల్యూషన్ సర్టిఫికెట్ ఒకటి, బండి తుడిచే గుడ్డ ఒకటి నాకు తోడు. సీటు ఎత్తినప్పుడల్లా వెలుతురు పడేది, ఎవరైనా చూస్తారని ఆశపడేదాన్ని. కూరగాయల సంచీ నా మీదికి తోసి మూసేసేవాళ్లు.

ఓ సాయంత్రం ఆవిడ ఇండికేటర్ వేసి మెల్లగా మలుపు తిరుగుతోంది. వెనక ఎవరో కారు హారన్ ఆపకుండా కొట్టారు. కుడిచెయ్యి బిగుసుకుంది. బండి ఎగిరి డివైడర్‌ని గుద్దింది. తలకి హెల్మెట్ ఉంది, స్ట్రాప్ పెట్టుకుని ఉంది కాబట్టి మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. నేను వెనక ఉండుంటే ఆ కారతను ఆగేవాడని ఒట్టేసి చెప్పలేను. కొత్త మనిషని తెలిసేది మాత్రం.

"స్టిక్కర్ ఏమైందిరా?" అని ఇంట్లో అడిగితే వాడు ఫోన్‌లోంచి తలెత్తలేదు. కూతురే అట్ట ముక్క తెచ్చి, స్కేలు పెట్టి 18 సెంటీమీటర్లు కొలిచి, కొత్త బోర్డు రాసి టేపుతో అంటించింది. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చి 30 రోజులు దాటాక పరీక్షకి వెళ్లారు. కాలు నేల మీద పెట్టకుండా ఎనిమిది అంకె తిప్పి పాసయ్యింది ఆవిడ. ఆ పేరంతా అట్టముక్కది. సాయంత్రానికి దాన్ని చెత్తబుట్టలో వేశారులెండి.

ఇప్పుడు ఆ కొడుక్కి పద్దెనిమిది నిండాయి. నిన్న ఎల్‌ఎల్‌ఆర్ వచ్చింది. "బోర్డు లేకుండా తాళం ఇవ్వను" అంది వాళ్లమ్మ. గుర్తొచ్చినట్టుంది, సీటు ఎత్తి నన్ను గీకడం మొదలుపెట్టాడు. రెండేళ్ల ఇంజను సెగకి నా జిగురు ప్లాస్టిక్‌లో కలిసిపోయింది. ఓ మూల చిరిగింది తప్ప నేను కదల్లేదు. కొట్టు దగ్గరే, వెళ్లి కొనుక్కోమనండి. ఈసారి పెద్దది.