తులసికి జెడ్ ప్లస్ భద్రత

మన దగ్గర ఏయే ఔషధ మొక్కలు అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయో తెలుసుకోవడానికి అడవులు పట్టి తిరగక్కర్లేదు. ఏ సర్కారీ ఆఫీసు వెనకో, కాలేజీ గేటు లోపలో ఓ ‘ఔషధ వనం’ ఉంటుంది. లోపలికెళ్లి అక్కడున్న మొక్కల పేర్లన్నీ రాసుకోండి. అందులో లేనివన్నీ ప్రమాదంలో ఉన్నట్టే లెక్క.

ఉన్నవేమిటంటారా? తులసి, కలబంద, తిప్పతీగ, వేప, ఉసిరి. దిష్టికని గుమ్మానికి తలకిందులుగా వేలాడదీసినా మట్టీ నీళ్లూ లేకుండా బతికేసే కలబందకి ఇక్కడ ఇనుప కంచె, ట్యాంకరు నీళ్లు. ఎవరూ అడక్కుండానే కరెంటు స్తంభాలెక్కే తిప్పతీగకి పందిరి. ఇక తులసి సంగతి చెప్పేదేముంది? ఇంటింటా కోట కట్టి, పొద్దున్నే నీళ్లు పోసి, దీపం పెట్టి చూసుకుంటున్న మొక్క. దానికి మళ్లీ జిల్లా యంత్రాంగం కాపలా! ప్రతి మొక్క పక్కనా ఓ బోర్డు. తెలుగు పేరు చిన్నక్షరాల్లో, శాస్త్రీయ నామం ఇంకా చిన్నక్షరాల్లో, దాత పేరు మాత్రం రోడ్డు మీద బస్సులో పోయేవాడికి కూడా కనబడేట్టు.

ప్రహరీ పక్కన నిటారుగా నిలబడ్డ చెట్ల వరసకి ‘అశోక’ అని బోర్డు ఉంటుంది. అవి నరమామిడి చెట్లు. గుత్తులు గుత్తులుగా నారింజ రంగు పూలు పూసే అసలు అశోక వేరు. అశోకారిష్టం అనే ఆయుర్వేద మందుకి కావలసింది దాని బెరడే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ముప్పు జాబితాలో ఉన్నదీ అదే. బజారులో నరమామిడి బెరడు అశోక పేరుతో చెలామణీ అవుతోందని పరిశోధకులు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. మందుల్లో ఆ కల్తీ చాటుగా జరుగుతుంది, వనంలో రిబ్బన్ కత్తిరించి మరీ చేస్తారు, అంతే తేడా.

1950లో అప్పటి కేంద్రమంత్రి కె.ఎం. మున్షీ మొక్కలు నాటే వన మహోత్సవం మొదలుపెట్టారు. ఉద్దేశం మంచిదే. ఇన్నేళ్లలో మనం దాన్నుంచి నేర్చుకున్నది మాత్రం గుంత పక్కన ఎటు తిరిగి నిలబడితే ఫొటోలో బాగా పడతామనేదే.

ఈమధ్య ఔషధ వనాల ప్రారంభ సభల్లో ఓ కొత్త మాట వినబడుతోంది. “వాతావరణ మార్పుల వల్ల మన అమూల్యమైన ఔషధ సంపద అంతరించిపోతోంది” అని వేదిక మీది పెద్దలందరూ వంతులవారీగా బాధపడతారు. ఇంత అనుకూలమైన ముద్దాయి మరొకడు దొరకడు. వకీలును పెట్టుకోడు, పరువునష్టం దావా వెయ్యడు, ఓటు లేదు, కులం లేదు, కాంట్రాక్టరు కాడు. వాడి మీద ఎంత నెట్టినా సభలో ఎవరూ నొచ్చుకోరు. బాధపడటం పూర్తయ్యాక, ఎండ మండిపోతోంది కాబట్టి, అతిథులందరికీ చల్లచల్లని నన్నారి షర్బత్ ఇస్తారు.

ఆ గ్లాసు దగ్గర కాసేపు ఆగాలి.

నన్నారి అనగానే మనకి సుగంధిపాల గుర్తొస్తుంది. దాని వేళ్లు సన్నం. షర్బత్తుకి విరివిగా వాడే లావుపాటి వేళ్లు మరో తీగవి. మారేడు గడ్డలంటారు, నన్నారి కొమ్ములనీ అంటారు. శాస్త్రీయ నామం డెకాలెపిస్ హామిల్టోనీ. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. శేషాచలం, నల్లమల కొండల్లో రాళ్ల సందుల్లోకి వేళ్లు దించుకుని, ఏళ్ల తరబడి గడ్డ ఊరబెట్టుకుంటుంది. ఆ కమ్మటి వాసన ఇచ్చే పదార్థం వెనీలాలోని వెనిలిన్‌కి దగ్గరి చుట్టం. ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది, కాయ కోస్తే మళ్లీ కాస్తుంది. వేరు కోసం గడ్డపార దింపితే తీగ కథ అక్కడితో సరి. ఐయూసీఎన్ ఈ తీగని అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది.

వాతావరణం నిరపరాధి అని నేననడం లేదు. వానలు అదను తప్పితే విత్తనం మొలవదు, మొలిచినా నిలవదు, ఎండాకాలం కార్చిచ్చు మొక్కదశలోనే మసి చేస్తుంది. పెద్ద గడ్డలున్న తీగలు కొండ నిండా ఉంటే ఒకటి రెండు కరువులకి తట్టుకుంటాయి. ఆ గడ్డల్నే మనం తవ్వేసుకుని, తట్టుకోలేకపోయిందని మొక్క మీద జాలిపడుతున్నాం. ఇంకో విశేషం చూడండి. ఎండలు ముదిరేకొద్దీ షర్బత్తుకి గిరాకీ పెరుగుతుంది, గిరాకీ పెరిగేకొద్దీ గడ్డపారలు కొండెక్కుతాయి. వాతావరణ మార్పు మన గొంతులోంచే అడవికి దారి చేసుకుంటోంది. దీని గురించి ఏ వేదిక మీదా ఎవరూ బాధపడగా వినలేదు. నోట్లో షర్బత్ ఉండగా మాట్లాడటం కష్టం కాబోలు.

తప్పెవరిదంటే మాత్రం వేళ్లన్నీ తవ్వేవాళ్ల వైపే తిరుగుతాయి. తవ్వేది చెంచులు, యానాదులు. పొద్దంతా కొండల్లో తిరిగి తెచ్చిన గడ్డకి వాళ్లకి దక్కే ధర ఎంతో, సీసాలోకి ఎక్కాక దాని ధర ఎంతో పోల్చి చూస్తే దోపిడీ ఎవరిదో తెలుస్తుంది. ప్రభుత్వానిదే అయిన గిరిజన సహకార సంస్థ కూడా నన్నారి షర్బత్ అమ్ముతుంది. అమ్మొద్దనను, గిరిజనుడికి నాలుగు రూపాయలొచ్చే దారి అది. ఒక చేత్తో కొంటున్న సర్కారు రెండో చేత్తో కొండ మీద ఏమైనా నాటుతోందా అన్నదే నా సందేహం.

నన్నారి ఒక్కటే కాదు. తిరుమల, కడప కొండల్లో పేరిత అనే మొక్క ఉంది. సైకస్ బెడ్డోమీ. ఈ భూమ్మీద దాని చిరునామా అదొక్కటే. అంతర్జాతీయ వ్యాపారాన్ని అత్యంత కఠినంగా కట్టడి చేసే సైట్స్ ఒప్పందం మొదటి అనుబంధంలో దాని పేరుంది. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. బలానికీ పుష్టికీ అని మగ మొక్కల శంకువులు కోసుకుపోతారు. మనవాళ్ల పుష్టి కోసం ఆ జాతి సంతానమే ఆగిపోవాలి! తెల్ల కరక, కొండ గుగ్గిలం చెట్లు కూడా ఆ చుట్టుపక్కల కొండలకే పరిమితం. వేడి పెరిగితే మొక్కలు తరతరాలుగా మెల్లమెల్లగా పైపైకి జరుగుతాయంటారు శాస్త్రజ్ఞులు. హిమాలయాల్లో అయితే జరగడానికి కొంత చోటుంది. శేషాచలంలో కొండ కొస దాటితే ఇక ఆకాశమే.

చట్టం ఏం చేస్తోందంటారా? అడవి మొక్కలతో మందులు చేసే స్వదేశీ కంపెనీలు కూడా లాభంలో స్థానికులకి వాటా ఇవ్వాల్సిందేనని 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు చెప్పింది. 2023లో జీవవైవిధ్య చట్టాన్ని సవరించి, సాగుచేసిన ఔషధ మొక్కలకి ఆ వాటా నుంచి మినహాయింపు ఇచ్చారు. సాగుచేసినదేనని ఓ ధ్రువపత్రం ఉండాలి. మన ధ్రువపత్రాల ఘనత తెలిసినవాడిగా నాకు ఇందులో గొప్ప ఆశ కనిపిస్తోంది. ఇన్నాళ్లూ రైతులు వేసి చూడడానికి జంకిన మొక్కలు కూడా ఇక ఎకరాలకి ఎకరాలు పండొచ్చు. వాన రాకపోయినా, వడగాలి వీచినా దిగుబడి తగ్గని పంట కాగితం మీది పంటొక్కటే.

నిజంగా చేయదగ్గ పని ఎవరికీ తెలియనిదేం కాదు. ఔషధ మొక్కల పరిరక్షణకి పనిచేసే బెంగళూరులోని ఎఫ్ఆర్ఎల్‌హెచ్‌టీ సంస్థ 1993 నుంచి దక్షిణాది అటవీ శాఖలతో కలిసి అడవిలోనే, మొక్కలు పుట్టిన చోటే, సంరక్షణ ప్రాంతాలు ఏర్పాటు చేయించింది. ఒక్కోటి ఇంచుమించు 200 హెక్టార్లు. కోత ఆపి, మంట రాకుండా చూసి, ఏం మొలుస్తోందో లెక్క రాసుకోవడమే అక్కడ పని. అందులో ఉన్న పెద్ద లోపం, రిబ్బన్ కట్టడానికి గేటు లేకపోవడం. ఫొటో తీస్తే ఉత్త అడవే పడుతుంది.

అయ్యా, ఈసారి ఔషధ వనం ప్రారంభోత్సవానికి ఆహ్వానం వస్తే తప్పకుండా వెళ్లండి. ఆ కంచెకీ, బోర్డులకీ, శాలువాలకీ అయిన ఖర్చుతో కొండ మీద ఎంతమంది చెంచు కుర్రాళ్లని మంటల కాపలాకి పెట్టొచ్చో అడగండి. షర్బత్ ఇచ్చినప్పుడు సీసా తిప్పి చూడండి. లోపలి గడ్డ పొలంలో పండించినదో కొండ మీద తవ్వినదో దాని మీద రాసి ఉండదు. అది రాసేదాకా కొననని చెప్పండి.