నెట్టుకొస్తున్న సంసారం

మాది జాలరిపేట. జాలం అంటే వల, వల పట్టినవాడు జాలరి. ఆ లెక్కన మా పేట పేరులోనే నెట్ ఉంది, సిగ్నలే సరిగ్గా ఉండదు. జాలరి ఇంట పుట్టానన్న మాటే గానీ, నాకు వల వెయ్యడం రాదు, కుట్టడం రాదు. డిక్షనరీ తిరగెయ్యడం వచ్చు. ఇంట్లో ఏ పని చెప్పినా, ముందు ఆ పని పేరు ఎక్కడ పుట్టిందో ఎత్తుకుంటాను. ఈలోగా ఎవరో ఒకరు చేసేస్తారు.

వేట నిషేధం రోజులవి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు ఒడ్డునే కదా. మా అయ్య అరుగు మీద వల ముందేసుకున్నాడు. చిరిగినచోటు కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి, వలసూదితో నైలాను దారం దూర్చి, ముడేసి, కొస పళ్ళతో కొరికాడు. "ఒరే, ఆ పక్క పట్టుకో" అన్నాడు.

పట్టుకునే ముందు విన్నవించాను: ఇంగ్లీషులో వలనీ నెట్ అంటారు, కోతలు పోను చేతికొచ్చే జీతాన్నీ నెట్ అంటారు, కానీ రెంటికీ చుట్టరికం లేదు. వలది పాత జర్మానిక్ వంశం. జీతానిది లాటిన్ 'నిటిదుస్', అంటే మెరిసేది. ఫ్రెంచివాళ్ళ మీదుగా వచ్చింది. నీట్‌గా ఉందంటామే, ఆ నీట్ దీని తోబుట్టువు.

"నీ జీతం మెరుస్తాదేటి?" అన్నాడు అయ్య, తలెత్తకుండా. ఆ పక్క మా ఆవిడ పట్టుకుంది.

ఇంటర్నెట్ మాత్రం వల వంశమే. 1969లో అమెరికాలో కంప్యూటర్లని కలిపి అర్పానెట్ అన్నారు. నేను ఇక్కడిదాకా వచ్చేసరికి మావాడి చెవుల్లో ఇయర్‌ఫోన్లుంటాయి. మా అమ్మాయి చదివే నెట్ అసలు మాటే కాదు, నేషనల్ ఎలిజిబిలిటీ టెస్ట్‌కి పొడి అక్షరాలు. దానికి ఫీజు కట్టమని అడిగితే ఈ సంగతి వివరించాను. ఫీజు వాళ్ళమ్మ కట్టింది.

ఆవిడ ఫిషింగ్ హార్బర్లో చేపలు కొని వీధుల్లో అమ్ముతుంది. పాటలో పెట్టిన డబ్బు, ఐసు, ఆటో పోను ఎంత మిగిలిందో గంప దించకముందే చెప్పేస్తుంది. కాగితం లేదు, పెన్ను లేదు. మొన్న పండక్కి నెట్ చీర కావాలంది. అదీ వల వంశమేనని, కన్నాలున్న బట్ట కనక ఆ పేరొచ్చిందని మొదలెట్టాను.

"కన్నాలు నీ జేబుకున్నాయి. ఈ ఇల్లు నెట్టుకొస్తన్నది ఎవులు?"

'నెట్టు' అచ్చతెలుగు మాట, ఇంగ్లీషు నెట్‌తో దానికే సంబంధమూ లేదని చెప్పబోతుంటే గంప ఎత్తి నా నెత్తిన పెట్టింది. ఐసు నీళ్ళు మెడ మీంచి చొక్కాలోకి కారుతున్నాయి. గంప అన్న మాట ఎక్కణ్ణించి వచ్చి ఉంటుందా అనుకుంటూ ఆవిడ వెనకే నడిచాను.